రెండు పంచాంగాల ఇల్లు

పర్లాకిమిడి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "అమ్మమ్మా, మన వంటలూ పండగలూ అన్నీ వరసగా రాసి పంపించు" అని. అన్నీ రాయనమ్మా. నీకు ఉద్యోగం ఉంది, కొత్త కాపురం. అన్నీ రాస్తే ఒక్కటీ చెయ్యవు. మూడు రాస్తాను: పులిసిన గంజినీళ్ళ తరవాణి, మార్గశిర లక్ష్మివారం నోము, అరిసెలు. ఈ మూడూ చేతికి వస్తే తక్కినవి వాటి వెనకే వస్తాయి. గిడుగు రామమూర్తి గారు మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడింది మన ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే. నేనూ నోటికి వచ్చినట్టే రాస్తున్నాను, బిగ్గరగా చదువుకో.

వంటల మాట అడిగావు గాని, నీ మనసులో ఉన్నది వేరే. రాయగడలో ఒడియా వాళ్ళింటి కోడలివి అయ్యావు. మనవి చెయ్యాలా, వాళ్ళవి నేర్చుకోవాలా అని తేల్చుకోలేకపోతున్నావు. రెండూ చెయ్యి. మన ఊరు 1936లో మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చింది. ఆ మార్పు మా అత్తగారి కళ్ళముందే జరిగింది. మా గోడవతల ఒడియా ఇల్లు. వాళ్ళ గిన్నె మా ఇంటికి ఎప్పుడూ ఉత్తినే రాలేదు, మాది వాళ్ళింటికి ఉత్తినే వెళ్ళలేదు. నువ్వు పెరిగింది ఆ గిన్నెల మధ్యనే.

ముందు తరవాణి. ఎండలు ముదరకముందే, ఫాల్గుణంలోనే మొదలుపెట్టు. మూతి వెడల్పుగా ఉన్న మట్టికుండ కొని, ఒకరోజంతా నీళ్ళలో నానబెట్టు. తరవాత గంజి పోసి ఒకపూట ఉంచి పారబొయ్యి, మట్టి వాసన పోతుంది. ఇక్కడ నీకు ఒక ఇబ్బంది ఉంది. కుక్కర్లో వండితే గంజి రాదు. వారానికి రెండు మూడు రోజులైనా గిన్నెలో నీళ్ళు ఎక్కువ పెట్టి అన్నం వండి, గంజి వార్చు. చల్లారిన గంజిలో బియ్యం కడిగిన రెండో నీళ్ళు కలిపి కుండలో పొయ్యి. కాస్త ఉప్పు, రెండు దబ్బాకులు వేసి, పల్చటి గుడ్డ కట్టి నీడపట్టున పెట్టు. రెండో రోజుకో మూడో రోజుకో పులుస్తుంది. రాత్రి మిగిలిన అన్నం ఆ నీళ్ళలో వేసి, పొద్దున్న పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంచుకుని తినండి. ఎంత తీస్తే అంత కొత్త గంజి పోస్తూ ఉండాలి. వారానికోసారి కుండ ఖాళీ చేసి, బాగా తోమి ఎండలో బోర్లించు. తరవాణి వాసన పుల్లగా, ముక్కుకి హాయిగా ఉండాలి. జిగురు సాగినా, వాసన చెడినా జాలిపడకుండా పారబోసెయ్యి.

మీ అత్తగారింట్లో దీని చుట్టం ఉంది, పఖాళ. అన్నంలో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే బాసి పఖాళ, అప్పటికప్పుడు పోసుకుంటే సజ పఖాళ. ఒడియా వాళ్ళు ఏటా మార్చి 20న పఖాళ దిబస అని జరుపుకుంటున్నారు, చూసే ఉంటావు. దానిలోకి బడి చూరా ఎలా చెయ్యాలో ఆవిడనే అడుగు. బడి అంటే మన మినప వడియమే. వేయించి, వెల్లుల్లి, పచ్చిమిరపకాయతో నలుపుతారు. అడిగి నేర్చుకుంటే ఆవిడకి ఎంత సంతోషమో నువ్వే చూస్తావు. అక్కడ మండియా అనేది మన చోళ్ళే, రాగులు. చోడంబలి నీకు వచ్చు కాబట్టి మండియా జావు కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు.

ఎండల్లోనే ఆవకాయ కూడా. నాలుగు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె ఆవపిండి, ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు, గిన్నెన్నర నువ్వులనూనె. ఆవాలు ఎండబెట్టి, పూర్తిగా చల్లారాకే పిండి కొట్టు, వేడి మీద కొడితే చేదెక్కుతుంది. మూడోరోజు కలుపు. అంతే. ఈ ఏడాదికి చాలా తక్కువ పెట్టుకో.

జూన్ మధ్యలో రజ పండగ వస్తుంది, మూడు రోజులు. భూమికి విశ్రాంతి అని ఆ రోజుల్లో ఆడవాళ్ళ చేత రుబ్బించరు, దంచించరు. పోడ పిఠా అనే పిండివంట ముందే కాల్చి పెట్టుకుంటారు. పని ముట్టుకోవద్దంటే ముట్టుకోకు, హాయిగా ఉయ్యాల ఎక్కు. ఇలాంటి పండగ మనకి లేదు. ఉంటే బావుండునని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

లక్ష్మివారం, అంటే మార్గశిరంలో గురువారాల లక్ష్మీపూజ దగ్గర కాస్త నిదానంగా చదువు. కొత్త కోడళ్ళు తికమకపడేది ఇక్కడే. మనకి అమావాస్య దాటితే నెల మారుతుంది. వాళ్ళకి పౌర్ణమి దాటితే మారుతుంది. అంచేత కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడే మీ అత్తగారికి మార్గశిరం వచ్చేస్తుంది. నీకు ఇంకా కార్తీకమే. ఆవిడ మాణబసా, అదే వాళ్ళ లక్ష్మివారం పూజ, మొదలుపెట్టేస్తే, "ఇదేమిటి, ఇంకా నెల రాలేదు కదా" అని అనకు. ఆవిడ లెక్క ఆవిడకి సరైనదే. ఆవిడ లక్ష్మివారాలు మార్గశిర పౌర్ణమితో అయిపోతాయి, నీవి అమావాస్య దాకా నడుస్తాయి. మధ్యలో ఒక పక్షం రెండూ కలిసి వస్తాయి. ఆ వారాల్లో ఇద్దరూ ఒకే పీట ముందు కూర్చోండి.

ఆవిడ పద్ధతిలో మాణ నిండా కొత్త ధాన్యం పోసి లక్ష్మిని నిలుపుతారు. మాణ కొలపాత్ర, మన మానిక లాంటిది. ముగ్గు మనలా పొడిపిండితో వెయ్యరు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిని వేళ్ళతో జారవిడుస్తూ ఝోటి వేస్తారు, గుమ్మం నుంచి లోపలికి అమ్మవారి పాదాలు. నీకు ముగ్గు చెయ్యి ఉంది, నాలుగు రోజుల్లో పట్టుకుంటావు. బలరామదాసు లక్ష్మీపురాణం ఆవిడ చదువుతుంటే పక్కన కూర్చుని విను. అంటరానిదన్న శ్రియా ఇంటికి లక్ష్మీదేవి వెళ్ళిందని బలభద్రుడు తమ్ముడు జగన్నాథుడి చేత ఆమెను వెళ్ళగొట్టిస్తాడు, తరవాత అన్నదమ్ములిద్దరికీ అన్నమే దొరకదు. ఆ కథ విన్న ఇంట్లో ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టి గిన్నె అందించకూడదు. ఇది మాత్రం నువ్వు గట్టిగా పట్టుకో.

మన నైవేద్యాలు వారానికొకటి. మొదటి వారం పులగం, రెండో వారం అట్లు, తిమ్మనం, మూడో వారం అప్పాలు, పరమాన్నం, నాలుగో వారం చిత్రాన్నం, గారెలు. అయిదో వారం వస్తే పూర్ణం బూరెలు. ఉద్యోగం రోజున గారెలు కుదరకపోతే పులగం వండి దణ్ణం పెట్టుకో. మన వ్రతకథలో పిల్ల మట్టితో లక్ష్మి బొమ్మ చేసుకుని ఆడుకుని, పెళ్ళయ్యాక దాన్ని అత్తవారింటికి పట్టుకుపోతుంది. పుట్టిల్లు దరిద్రమైపోతే, తిరిగొచ్చి సవతితల్లి చేత వ్రతం చేయిస్తుంది. నువ్వు వెళ్ళిన మర్నాడు వంటింట్లో నాకు ఆ కథే గుర్తొచ్చింది. నువ్వు పట్టుకెళ్ళినందుకు నాకు బాధ లేదు తల్లీ. అప్పుడప్పుడు రా.

ఇంక అరిసెలు. కాపురానికి వచ్చిన మొదటి సంక్రాంతికి పాత బియ్యంతో, పిండి ఎండబెట్టి చేశాను. పెంకుల్లా వచ్చాయి. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. పాలల్లో నానబెట్టి అందరికీ పెట్టారు. ఏడాది తిరిగాక తన పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. అదే నీకు చెబుతున్నాను.

కొత్త బియ్యమే కావాలి. ఒక రాత్రీ ఒక పగలూ నానబెట్టు, మధ్యలో నీళ్ళు మార్చు. నీళ్ళు వంపేసి గుడ్డ మీద పరిస్తే పైతడి పోయి, ముట్టుకుంటే చల్లగా తగలాలి. అప్పుడు మరపట్టించి జల్లించు. పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి. తడి ఆరిపోకుండా గిన్నెలో నొక్కి మూతపెట్టు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బెల్లం కరిగించి, వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టు. పక్కన గిన్నెలో చన్నీళ్ళు ఉంచుకో. చుక్క వేస్తే కరిగిపోకూడదు. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ రావాలి. పళ్ళేనికేసి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టు. మెత్తటి ఉండ రాగానే, మరో క్షణం ఆగకుండా దించు. ఆ సమయంలో ఫోను మోగినా తీయకు, నాదైనా సరే. నెయ్యి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. పిండి కొంచెం మిగుల్చుకో, పాకానికి ఎంత పిండి పడితే అంతే పొయ్యి. ఈ పని ఒక్కదానివీ చెయ్యకు. మీ ఆయన్ని పిలు, కలపడానికి మగచేతి బలం బావుంటుంది.

ఆకు మీద నెయ్యి రాసి తట్టి, మధ్యరకం సెగ మీద వేయించు. తీయగానే చెక్కల మధ్య నొక్కి నూనె దింపు. మొదటిది విచ్చిపోతే పాకం లేతగా ఉందన్నమాట, మిగుల్చుకున్న పిండి కలుపు. మీ అత్తగారు దీన్నే అరిసా పిఠా అంటారు. సంక్రాంతి నాడు ఆవిడ కొత్త బియ్యం, బెల్లం, కొబ్బరి, అరటిపండు కలిపి మకర చావుళ చేస్తారు. దాని పక్కన మన అరిసెలు పెట్టు.

మా అత్తగారి అరిసెల చెక్కలు మీ మావయ్య చేత పంపిస్తున్నాను, వచ్చే ఆదివారం గుణుపురం మీదుగా వస్తాడు. వాటికి సబ్బు పెట్టకు. వేడినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, నూనె రాసి గుడ్డలో చుట్టిపెట్టు. దబ్బాకులు కూడా ఒక కట్ట పెట్టాను, అందిన రోజే కుండలో వెయ్యి.

మీ అమ్మమ్మ