సిటీస్ స్కైలైన్స్‌లో మొదటి ఊరు ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఊళ్లు కట్టే కంప్యూటర్ గేమ్ సిటీస్ స్కైలైన్స్ కొన్నాను, ఖాళీ మ్యాప్ తెరిస్తే ఏం కట్టాలో తోచడం లేదు, మీకు ఐడియాలు ఎక్కడి నుంచి వస్తాయి?" అని అడిగారు. నాకూ అచ్చం అలాగే ఉండేది. 2015లో వచ్చిన మొదటి భాగమే నేను ఆడేది. మొదటి మూడు ఊళ్లనీ ఐదారు వేల జనాభా దగ్గరే వదిలేశాను. గళ్ల నోటుబుక్కులా రోడ్లు గీయడం, జోన్లు (ఇళ్లకు, దుకాణాలకు, ఫ్యాక్టరీలకు కేటాయించే స్థలాలు) నింపడం, ఆ తర్వాత దాన్ని చూడబుద్ధి కాకపోవడం. ఆ ఊరు అక్కడే ఎందుకుందో నాకే తెలియదు మరి.

నాకు దారి దొరికింది హైదరాబాద్‌లో, మూసీ మీదున్న పాత వంతెన పురానా పుల్ దగ్గర. ఒక ఆదివారం పొద్దున్నే కార్వాన్ వైపు నుంచి వంతెన దాటి, హుస్సేనీ ఆలం మీదుగా లాడ్ బజార్‌లోకి వచ్చి చార్మినార్ దాకా నడిచాను. ఆ వంతెన కట్టింది 1578లో. చార్మినార్ 1591లో. అంటే ఊరికంటే ముందు వంతెన ఉంది! గోల్కొండ కోటలో జనం ఇరుకు, నీళ్ల ఇబ్బంది. మూసీ అవతల ఖాళీ నేల. దాటడానికి ఒక దారి. ఆ దారి వెంట బజారు, నాలుగు రోడ్లు కలిసే చోట చార్మినార్. ఇంటికొచ్చి నది ఉన్న మ్యాప్ ఎంచుకుని అదే వరుసలో కట్టాను. ఆ ఊరిని ఇప్పటికీ ఆడుతున్నాను.

మీరూ అలా చేసి చూడండి. హైవే దిగే చోటే మీ గోల్కొండ అనుకోండి. మొదట్లో చేతిలో ఉండేది ఆట డబ్బు 70,000 మాత్రమే, వంతెనకు చాలా ఖర్చవుతుంది. అందుకే ముందు ఇవతలి ఒడ్డున చిన్న బస్తీ వేసి, ఆదాయం నిలకడగా వచ్చాక నది దాటండి. ఆట ఆపి ఉంచి మొదటి రోడ్లు గీసుకుంటే టెన్షన్ ఉండదు.

నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. పంపు ఎగువన, మురుగు గొట్టం దిగువన. నేను ఒకసారి ప్రవాహం చూసుకోకుండా తిరగేసి పెడితే ఊరంతా జబ్బుపడింది. ఇళ్ల జోన్లు కూడా ఒకేసారి వేయకండి. ఒకేసారి వచ్చినవాళ్లంతా ఒకేసారి ముసలివాళ్లై చనిపోతారు, శవాల వ్యాన్లు చాలవు. ఫ్యాక్టరీలకు హైవే నుంచి విడిగా రోడ్డు ఇవ్వండి.

నాలుగు రోడ్లు నేరుగా కలిపితే ఆటలో ట్రాఫిక్ ఆగిపోతుంది. చార్మినార్‌కి ఉత్తరాన గుల్జార్ హౌజ్ ఉంది చూడండి, మధ్యలో నీళ్ల తొట్టి, చుట్టూ బండ్లు తిరుగుతుంటాయి. వన్‌వే రోడ్డు చేతికి రాగానే కూడలిని అలా గుండ్రంగా మార్చేయండి.

తర్వాత ఏం కట్టాలో తోచకపోతే మళ్లీ మూసీ దగ్గరికే వెళ్లండి. 1908 వరదలో నగరం కొట్టుకుపోయాక ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు వచ్చాయి. నా ఊరికీ ఒక వరద వచ్చిందనుకుని ఒడ్డున ఇళ్లు తీసేసి పార్కులు పెట్టాను. నాకు దానిలో అన్నిటికంటే నచ్చిన చోటు అదే.

మీ మ్యాప్‌లో నది ఎటు పారుతోందో, హైవే ఏ వైపు ఉందో చెప్పండి. వంతెన ఎక్కడ వేస్తే బాగుంటుందో చూద్దాం.