వాము నూనె ఫిల్మ్‌లో సకినాలు చుట్టి చూశాను

జమ్మికుంటలో ఇంట్లో సకినాలు చేసి అమ్ముతున్నామని, ప్లాస్టిక్ కవర్ బదులు లవంగ నూనె కలిపిన, మట్టిలో కలిసిపోయే ఫిల్మ్ వాడొచ్చా అని అడిగారు. సకినాలకైతే వద్దండి. నేను చేసి చూశాను.

హనుమకొండలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నా ప్రాజెక్టే ఇది. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 5 గ్రాముల కార్న్‌ఫ్లోర్, కొంచెం గ్లిజరిన్ వేసి, గంజిలా చిక్కబడేదాకా కలుపుతూ కాచాలి. గ్లిజరిన్ లేకపోతే ఆరాక అప్పడంలా విరుగుతుంది. నూనె మాత్రం కాస్త చల్లారాకే వేయాలి, వేడి మీద వేస్తే ఆవిరైపోతుంది. సకినాల్లో ఎలాగూ వాము పడుతుంది కదా అని నేను వాము నూనె తీసుకున్నా. పళ్లెంలో పల్చగా పోసి రెండు రోజులు నీడలో ఆరబెట్టా. మొదటిసారి ఒలిస్తే పైన నూనె చుక్కలు చుక్కలుగా తేలి ఉంది, సరిగ్గా అక్కడే చిరిగింది. నీళ్లూ నూనే కలవాలంటే ట్వీన్ 80 లాంటిది వేయాలని సార్ తిట్టాకగానీ తెలియలేదు.

బూజు విషయంలో నూనె పనిచేసింది. ఉత్త పిండి ఫిల్మ్‌లో చుట్టిన బ్రెడ్‌కు ముందు బూజు పట్టింది, వాము నూనె ఫిల్మ్‌లోది ఇంకొన్నాళ్లు ఆగింది. వాములో థైమాల్, లవంగంలో యూజినాల్ ఉంటాయి, రెండూ బూజుకు పడవు. కాకపోతే ఆ బ్రెడ్ కొరికితే కడుపునొప్పికి తాగే వాము నీళ్లే గుర్తొచ్చాయి.

సకినాల చిక్కు వేరు. వాటిని ముందు పాడుచేసేది బూజు కాదు, తేమ. పిండి ఫిల్మ్ గాల్లో తేమను పీల్చుకుంటుంది, నూనె వేస్తే కొంత తగ్గుతుందే తప్ప ఆగదు. ఆగస్టు ముసురులో మూడో రోజుకే సకినం విరిస్తే చప్పుడు రాలేదు. ఫిల్మేమో వేళ్లకు అంటుకుంది. అమ్మ చూసి "దీనికన్నా మోదుగాకు నయం" అంది.

ఇంకో మాట. స్వీట్ బాక్సుల పైన చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉంది. మీరు బాక్సులకు అది చుడుతుంటే ఇప్పుడే మానేయండి. బజార్లో "బయోడిగ్రేడబుల్" అని రాసిన కవర్లు ఊరికే నమ్మొద్దు, కంపోస్టబుల్ (కంపోస్ట్ ఎరువుగా మారేది) అని చెబితే ఐఎస్ 17088 అనే భారత ప్రమాణం ప్రకారం సర్టిఫికెట్ ఉందా అని అడగండి. దగ్గరి ఆర్డర్లకు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఇచ్చి, డబ్బా వాపస్ తీసుకోండి.

మలీద ముద్దలు కూడా చేస్తుంటే లవంగ నూనె ఫిల్మ్ వాటికి ఇంట్లో వేసి చూడండి, అమ్మేవాటికి కాదు. అవి ఎలాగూ మెత్తనివే.