స్టెరాయిడ్ తగ్గిస్తే నొప్పులు తిరగబెడుతున్నాయి.. మళ్లీ మొదటి డోసుకే వెళ్లాలా?

ప్రశ్న: నా వయసు 63. పొద్దున లేవగానే భుజాలు, తుంటి పట్టేసేవి. పాలీమయాల్జియా రుమాటికా (వాపు వల్ల భుజాలు, తుంటి పట్టేసే జబ్బు) అని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 15 మి.గ్రా. ఇచ్చారు. 3 రోజుల్లోనే హాయిగా అనిపించింది. 2 నెలలకు 10 మి.గ్రా.కు తగ్గించారు. ముఖం ఉబ్బుతోందని నేనే 5 మి.గ్రా.కు దింపాను. 10 రోజులకే నొప్పులు మొదలయ్యాయి. మళ్లీ 15 వేసుకోవాలా? ఈ మందు ఎప్పటికి మానగలను?

సమాధానం: చాలావరకు 15కు వెళ్లాల్సిన అవసరం ఉండదు. నొప్పులు లేకుండా గడిచిన చివరి మోతాదు మీకు 10. జబ్బు తిరగబెట్టినప్పుడు సాధారణంగా దానికే తిరిగి వెళ్తాం. ప్రతిసారీ మొదటికే వస్తే ఒంట్లోకి వెళ్లే మొత్తం స్టెరాయిడ్ పెరిగిపోతుంది.

10 నుంచి 5కు దిగడమంటే మందు ఒక్కసారిగా సగం తగ్గించినట్టే. పైగా కిడ్నీల పైన ఉండే మన అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్ (ఒంట్లోని సహజ స్టెరాయిడ్) దాదాపు 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్‌కు సమానం. నెలల తరబడి మాత్ర వాడితే ఆ గ్రంథులు నిద్రపోతాయి, లేవడానికి టైమ్ పడుతుంది. అందుకే 10 కిందికి వచ్చాక నెలకు 1 మి.గ్రా. చొప్పునే తగ్గించాలి. అదీ పడకపోతే ఒక రోజు 7, మర్నాడు 6.. ఇలా నెలంతా వేసుకుని తర్వాత రోజూ 6కు రావచ్చు. ఇందుకు 1 మి.గ్రా. మాత్రలు రాయించుకోండి. కడుపులో కరగకుండా పైపూత వేసిన మాత్రలను విరవకూడదు. మొత్తం మోతాదు పొద్దున టిఫిన్ తర్వాత ఒకేసారి వేసుకోండి. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు.

అయితే ముందు ఇది జబ్బేనా అన్నది తేల్చుకోవాలి. రెండు భుజాలూ పట్టేసి, జడ వేసుకోవడానికి చేతులు లేవక, పక్క మీద ఒత్తిగిలడమే కష్టమై, ఆ బిగుతు ముప్పావు గంటకు పైగా ఉంటే అనుమానం జబ్బు మీదే. డోసు తగ్గించిన కొద్ది రోజులకు ఒళ్లంతా నొప్పులు, నీరసం వచ్చి వారం, రెండు వారాల్లో వాటంతటవే సర్దుకుంటే అది మందు తగ్గిన ప్రభావం. ఒక్క భుజమే, అదీ కదిపినప్పుడే నొప్పెడితే కీలులో వేరే సమస్య ఉండొచ్చు, దానికి స్టెరాయిడ్ పెంచి లాభం లేదు. ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించండి. కానీ ఇన్ఫెక్షన్ ఉన్నా ఇవి పెరుగుతాయి, రిపోర్టులో అంకె చూసి మాత్రమే డోసు పెంచకూడదు.

కొత్తగా కణతల దగ్గర తలనొప్పి, తల దువ్వితే మాడు నొప్పి, నములుతుంటే దవడ లాగేయడం, చూపు మసకబారడం లేదా రెండుగా కనిపించడం.. వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తల రక్తనాళాల్లో వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపు పోతుంది, పోయిన చూపు సాధారణంగా తిరిగి రాదు.

ముఖం ఉబ్బు మోతాదు తగ్గేకొద్దీ కొన్ని నెలల్లో దిగుతుంది. షుగర్ మాత్రం పరగడుపున చూస్తే మోసపోతాం. పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పెంచుతుంది, భోజనం తర్వాత చూడాలి. ఎముకల సాంద్రత పరీక్ష, క్యాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్‌ను అడగండి. సొంతంగా నొప్పి మాత్రలు కలిపితే కడుపులో పుండ్లు పడే ముప్పు ఎక్కువ.

జ్వరం వస్తే మాత్ర మానడం పెద్ద పొరపాటు. అప్పుడు తాత్కాలికంగా డోసు పెంచాల్సి రావచ్చు, ఎంతన్నది ముందే రాయించుకోండి. వాంతులతో మాత్ర నిలవకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కావాలి, ఇంట్లో ఎదురుచూడొద్దు.

ఇక ఎప్పటికి మానవచ్చంటే, చాలామందికి ఏడాది నుంచి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. పదేపదే తిరగబెడుతుంటే రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మెథోట్రెక్సేట్ అనే మందు జోడిస్తారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. 5 మి.గ్రా. కిందికి వచ్చాక లేవగానే కళ్లు తిరగడం, వికారం, ఆకలి లేకపోవడం కనిపిస్తే పొద్దుటి కార్టిసాల్ పరీక్ష చేయిస్తారు. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి.