పాప డార్క్ మ్యాటర్ అంటోంది, మేం సీఎస్ఈ అంటున్నాం, ఏం చేయాలి?

నరసరావుపేట నుంచి ఒక నాన్నగారు అడిగారు: పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, కణ భౌతిక పరిశోధనశాల సెర్న్‌లో డార్క్ మ్యాటర్ వెతుకుతానంటోంది, సీఎస్ఈ తీసుకోమంటే రెండ్రోజులుగా మాట్లాడటం లేదు, అసలు ఆ లైన్‌లో ఉద్యోగాలుంటాయా అని.

సర్, ముందు ఆ గొడవ ఆపండి. పాప అడిగేది గాలి మాటేం కాదు, విశ్వంలో ఉన్న పదార్థంలో దాదాపు 85 శాతం మన కంటికీ ఏ టెలిస్కోప్‌కీ కనపడదు, దాన్నే డార్క్ మ్యాటర్ అంటారు, అదేంటో ఇంకా ఎవరికీ తెలీదు.

సెర్న్‌లో, అంటే జెనీవా దగ్గర, 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లని ఎదురెదురుగా గుద్దిస్తారు, అందులో డార్క్ మ్యాటర్ పుట్టినా అది డిటెక్టర్‌కి చిక్కకుండా వెళ్ళిపోతుంది, మరి పట్టుకునేదెట్లా అంటే లెక్కతో. గుద్దుకున్నాక, ప్రోటాన్లొచ్చిన దారికి అడ్డంగా ఎగిరినవాటి మొమెంటం (బరువూ వేగం కలిపిన లెక్క) దిశతో సహా అన్నీ కలిపితే సున్నా రావాలి, ఒకవైపు పెద్ద జెట్ (కణాల గుంపు) ఎగిరి అవతలివైపు ఏమీ కనపడకపోతే అక్కడేదో జారిపోయిందన్నమాట. చిక్కేంటంటే న్యూట్రినోలు అనే, దేన్నీ పెద్దగా తాకని కణాలు కూడా అచ్చం అలానే జారిపోతాయి. జెడ్ బోసాన్ అనే కణం రెండు న్యూట్రినోలుగా విడిపోతే చూడ్డానికి డార్క్ మ్యాటర్ లాగే ఉంటుంది, అందుకని అదే జెడ్ డిటెక్టర్‌కి కనపడే రెండు మ్యూయాన్ కణాలుగా విడిపోయిన ఈవెంట్లు తీసుకుని, దాన్నిబట్టి న్యూట్రినోలవి ఎన్ని ఉంటాయో అంచనా కట్టి తీసేస్తారు, ఒక పీహెచ్‌డీ స్టూడెంట్‌కి ఏళ్ళు గడిచిపోయేది ఎక్కువగా ఇక్కడే, ల్యాప్‌టాప్ ముందు, సీ ప్లస్ ప్లస్, పైథాన్ రాస్తూ.

2012లో హిగ్స్ కణం దొరికింది, డార్క్ మ్యాటర్ మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు. దొరకలేదని గట్టిగా చెప్పడం కూడా రిజల్టే, ఫలానా బరువున్న కణం ఫలానా రకంగా ఉండే ఛాన్స్ లేదని తేలుతుంది, కానీ దాంతో తృప్తిపడే మనసుండాలి, ఇది పాపని మీరే కూర్చోబెట్టి అడగండి.

ఇక దారి. సైన్స్ చదువుకోవడానికున్న కేంద్ర సంస్థలు ఐఐఎస్ఈఆర్‌లకి ఐఏటీ అనే ఎంట్రన్స్ రాయాలి, మన తిరుపతిలోనే ఒకటుంది. అందులో 60 ప్రశ్నల్లో 15 బయాలజీ, ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే, కనీసం టెన్త్ బయాలజీ తిరగేయించండి. అలాంటిదే మరో సంస్థ నైసర్‌కి నెస్ట్ అనే ఎంట్రన్స్, అందులో బెస్ట్ మూడు సబ్జెక్టులే లెక్కేస్తారు కాబట్టి మన పిల్లలకి అనుకూలం. ఈఏపీసెట్ కూడా రాయించండి, బీటెక్ తర్వాత జెస్ట్ అనే పరీక్ష రాసి ఫిజిక్స్ పీహెచ్‌డీకి వచ్చే దారీ ఉంది. ఐఐటీ హైదరాబాద్ వాళ్ళు జపాన్‌లోని బెల్ 2 ప్రయోగంలో ఉన్నారు, ఎలక్ట్రాన్లూ పాజిట్రాన్లూ గుద్దించే ఆ కొలైడర్‌లో కూడా ఇలా కనపడకుండా పోయే కణాల కోసం వెతుకుతారు.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకి 37,000, అది పూర్తయ్యేసరికి 28, 29 ఏళ్ళొస్తాయి, తర్వాత పోస్ట్‌డాక్‌లు అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, పర్మనెంట్ పోస్టులు తక్కువ. కానీ అంత డేటాతో కుస్తీ పట్టినవాళ్ళని సాఫ్ట్‌వేర్ వాళ్ళూ బ్యాంకుల వాళ్ళూ తీసుకుంటారు, కాబట్టి మీరు భయపడుతున్నట్టు రోడ్డున పడే చదువైతే కాదు.

పరీక్షలయ్యాక ఒక పని చేయించండి. సెర్న్ ఓపెన్ డేటాలో సీఎమ్ఎస్ డిటెక్టర్ అసలు డేటా ఫ్రీగా ఉంది, రెండు మ్యూయాన్ల ఈవెంట్లు తీసుకుని 91 జీఈవీ (జెడ్ కణం బరువు) దగ్గర జెడ్ శిఖరం వచ్చేలా పాపనే గ్రాఫ్ గీయమనండి. పైథాన్ నేర్చుకుంటూ చేస్తే రెండు మూడు వారాలు పడుతుంది, ఆ మూడు వారాలూ తను దాని ముందు ఎలా కూర్చుందో చూసి నాకు రాయండి.