చెట్టుకప్ప పిల్లలకు తోక పోయాక ఏమి పెట్టాలి?

డాబా మీది తొట్టి గోడకు అంటుకున్న నురుగుముద్దలోంచి తోకకప్పలు రాలాయనీ, కొన్నింటికి ముందుకాళ్లు రాగానే తిండి మానేశాయనీ రాశారు. అవి మన స్నానాల గది గోడలను కరుచుకుని కూర్చునే చెట్టుకప్ప పిల్లలే. తిరుపతిలో మా ఇంటి తొట్టిలోనూ వానలకు గూడు కడతాయి, పెంచుతుంటాను.

తినకపోవడం జబ్బు కాదు. పాచి గీకి తినే నోరు పురుగులను పట్టే నోరుగా మారుతుంది. ఆ కొద్ది రోజులూ కరిగే తోకే వాటికి ఆహారం. ఇప్పుడు మేత వేస్తే నీళ్లు కుళ్లడమే మిగులుతుంది. ఈ దశలో అసలు ప్రమాదం ఆకలి కాదు, మునిగిపోవడం. గాలి పీల్చడం మొదలుపెట్టాక పైకెక్కే దారి లేకపోతే చచ్చిపోతాయి. నీళ్లు బాగా తగ్గించి, పెంకుముక్కో కొబ్బరిమట్టో ఏటవాలుగా ఆనించండి. పైన దోమతెర బిగించి కట్టండి. వేళ్ల చివర గుండ్రటి మెత్తలతో నున్నటి గోడ కూడా ఎక్కేస్తాయి. ఆ తెర ఉంటే దోమలూ గుడ్లు పెట్టలేవు.

ఇంకా కాళ్లు రానివాటికి తొట్టిలోని పాచి చాలు. పాచి తక్కువైతే ఉడికించిన దోసకాయ ముక్క వేసి, మిగిలింది సాయంత్రానికి తీసేయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజు వెడల్పాటి గిన్నెలో ఉంచి పోయండి. తొట్టి నీడలో ఉండాలి.

తోక పోయిన పిల్లలతోనే అసలు పని. కదలనిది వాటి దృష్టికే ఆనదు. మెతుకులు, చేపల మేత ముందు పెట్టినా వృథా. మందు కొట్టని చిక్కుడు తీగ చివర్లలో పేనుబంక పురుగులు ఉంటే ఆ కొమ్మే తుంచి లోపల పెట్టండి. లేదంటే బాగా మగ్గిన అరటిపండు సీసాలో వేసి, మూతికి కాగితపు గరాటు పెడితే చిన్న ఈగలు వచ్చి చిక్కుతాయి. (ఆ సీసాను మా అమ్మ వంటగదిలోకి రానివ్వదు, మెట్ల కిందే దాని చోటు.) పురుగు కప్ప రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. చీమలు వద్దు, కుడతాయి. పురుగులను చీకటిపడ్డాక వదలండి, కప్పలు తినేది అప్పుడే. మింగేటప్పుడు కళ్లు గుంటల్లోకి దిగిపోతాయి, ఆహారాన్ని గొంతులోకి నెట్టడానికి ఆ కళ్లే సాయపడతాయి.

నన్నడిగితే రెండు మూడింటిని ఉంచుకుని మిగతావాటిని తోక పోగానే వదిలేయండి. అన్నింటికీ రోజూ సరిపడా ఈగలు పట్టడం మనవల్ల కాదు. వాన పడిన సాయంత్రం మీ తొట్టి దగ్గరి మొక్కల మధ్యే వదలండి. అడవి మంచిదని శేషాచలం కొండల్లోకి తీసుకెళ్లకండి. బయటి జీవులతో పాటు వాటి రోగాలూ అక్కడికి చేరతాయి. అక్కడి నుంచి గుడ్లు తేవడమూ వద్దు. అందులో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, అనుమతి లేకుండా అక్కడి జీవులను తీయడం నేరం.