మీ ప్రశ్న – నా జవాబు: 40 వేలా, 50 వేలా?

ప్రశ్న: బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ 40 వేల పాయింట్లు దాటాడని 2024లో చదివాను. మరుసటి ఏడాదికే 50 వేలు అన్నారు. ఏడాదిలో పది వేలు ఎవరైనా కొట్టగలరా? అంత గొప్ప మైకేల్ జోర్డన్ అత్యధిక పాయింట్ల జాబితాలో అంత కింద ఎందుకున్నాడు? మా హాస్టల్లో ఈ గొడవ తేలడం లేదు.

జవాబు: మీ హాస్టల్లో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఖాతాలు వేరు, అంతే. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కెరీర్ పాయింట్లంటే మామూలుగా రెగ్యులర్ సీజన్‌వే, అంటే లీగ్ దశ మ్యాచ్‌లవే. ఆ తర్వాత టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్ పాయింట్లు విడిగా రాస్తారు. 2024 మార్చి 2న డెన్వర్ జట్టు మీద దాటిన 40 వేలు మొదటి ఖాతాలోవి. 2025 మార్చి 4 నాటి 50 వేలు రెండూ కలిపితే వచ్చినవి. ఎటూ చెందని పాయింట్లు కూడా ఉన్నాయండోయ్! 2023 డిసెంబర్‌లో సీజన్ మధ్యలో జరిగే కప్పు పోటీ ఇన్‌సీజన్ టోర్నమెంట్ ఫైనల్లో లెబ్రాన్ 24 కొట్టాడు. ఆయన జట్టు లేకర్స్‌కి కప్పు వచ్చింది కానీ, ఆ 24 ఏ ఖాతాకీ ఎక్కలేదు.

ఈ ఖాతాల పిచ్చి నాకు పాతదే. చదువుకునే రోజుల్లో మ్యాచ్‌లకు స్కోరు షీటు రాసేవాణ్ణి. ఒకసారి 5వ నంబరు కుర్రాడు వేసిన బాస్కెట్‌ని 15వ నంబరు కింద రాసేశాను. జట్టు స్కోరు మారలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ 5వ నంబరు మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక జోర్డన్. ఆయన మొత్తం 32,292. ఆడినవి 1,072 మ్యాచ్‌లు. లెబ్రాన్‌కి ముందు రికార్డు ఉన్న కరీం అబ్దుల్-జబ్బార్ ఆడినవి 1,560. తేడా అక్కడే ఉంది. జోర్డన్ రెండో సీజన్లో కాలు విరిగి 18 మ్యాచ్‌లే ఆడాడు. 1993లో రిటైరై 1995 మార్చిలో తిరిగొచ్చాడు. 1999లో మళ్లీ వెళ్లి 2001లో మళ్లీ వచ్చాడు. మ్యాచ్‌కి సగటు చూస్తే 30.12తో ఇప్పటికీ ఆయనే ముందు. వెనకాలే 30.07తో విల్ట్ చాంబర్లేన్. ‘మానేయకుండా ఆడి ఉంటేనా’ అని మీ స్నేహితులు కూడికలు మొదలుపెడితే ఒక్కమాట చెప్పండి: ఆయన చివరి సీజన్ సగటు 20. మోకాళ్లు ఎవరి మాటా వినవు.

అందుకే మొత్తం పాయింట్ల రికార్డు నా దృష్టిలో హాజరు పట్టీ లాంటిది. అలాగని తక్కువ చేయడం లేదు, ఇరవయ్యేళ్లు హాజరు వేయించుకోవడమే కష్టం. 2023 ఫిబ్రవరి 7న కరీం 38,387ని దాటడానికి లెబ్రాన్‌కి 36 కావాలి. అది ఆయన ఇరవయ్యో సీజన్. మూడో క్వార్టర్ ముగుస్తుండగా వెనక్కి వాలి కొట్టిన షాట్‌తో లెక్క తేలింది. ఆట ఆపారు. అక్కడే ఉన్న కరీం బంతిని ఆయన చేతికిచ్చాడు. మ్యాచ్ మాత్రం లేకర్స్ 130-133తో ఓడిపోయింది. ఆ సంగతి చాలామందికి గుర్తుండదు.

ప్రశ్న: కరీం రోజుల్లో మూడు పాయింట్ల గీత ఉండి ఉంటే రికార్డు ఇంకా పెద్దదయ్యేదా?

జవాబు: గీత ఉంది! దాని అవతలి నుంచి వేస్తే రెండుకు బదులు మూడు పాయింట్లు. 1979-80లో వచ్చింది. ఆ తర్వాత కరీం పది సీజన్లు ఆడి, 18 సార్లు ప్రయత్నించి ఒక్కటంటే ఒక్కటి వేశాడు. లెబ్రాన్ అయితే రెండు వేలకు పైగా వేశాడు. కరీంకి ఆ అవసరం రాలేదు. బుట్టకి పక్కగా తిరిగి, ఎదుటివాడికి భుజం అడ్డుపెట్టి, బంతిని ఒంటిచేత్తో తలపైకి ఎత్తి వదిలే స్కైహుక్ ఒక్కటి చాలు. అంతకుముందు రికార్డు, విల్ట్ 31,419ని దాటిందీ దానితోనే. 1984 ఏప్రిల్ 5, లాస్ వేగాస్. సహచరుడు మ్యాజిక్ జాన్సన్ పాస్ ఇచ్చాడు. ఎదురుగా యూటా జట్టులో బుట్ట దగ్గర కాపుండే మార్క్ ఈటన్, 7 అడుగుల 4 అంగుళాల మనిషి, కరీం కన్నా రెండంగుళాలు ఎక్కువ. బంతి ఆయన మీదుగానే వెళ్లిపోయింది.