మెయింటెనెన్స్ భారమని ఫ్లాట్ అమ్మేయాలా?

ప్రశ్న: ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు 65 ఏళ్లు, మా ఆవిడకు 61. నల్లకుంటలో ఉన్న పాత ఇల్లు అమ్మి, 2016 ఆగస్టులో మణికొండలో 19వ అంతస్తులో 2,150 అడుగుల ఫ్లాట్ కొన్నాం. రిజిస్ట్రేషన్‌తో కలిపి 82 లక్షలైంది. నా ఒక్కడి పేరు మీదే ఉంది, అప్పు లేదు. అబ్బాయి డాలస్‌లో స్థిరపడ్డాడు. పింఛను 62,000 వస్తే అందులో 11,400 మెయింటెనెన్స్‌కే పోతోంది. ఇప్పుడు కోటీ 90 లక్షలకు అడుగుతున్నారు. అమ్మేసి నల్లకుంటలోనే 95 లక్షల్లో 1,300 అడుగుల పాత ఫ్లాట్ తీసుకుందామని ఆలోచన. అక్కడ మెయింటెనెన్స్ 2,800 అట. అమ్మితే పన్నే 13 లక్షలు దాటుతుందని పక్క ఫ్లాట్ ఆయన అంటున్నారు. మా టవర్‌లో ఇలాంటి ఫ్లాట్‌కు అద్దె 46,000 పలుకుతోంది. ఏం చేయమంటారు? కొత్తది అబ్బాయి పేరు మీద కొనవచ్చా?
– ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: మాస్టారూ, మీ మెయింటెనెన్స్ బిల్లు దగ్గరే మొదలుపెడదాం. అడుగుకు నాలుగున్నర రూపాయల చొప్పున 9,675, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,741. ఫ్లాట్‌కు నెలకు 7,500 దాటి, సంఘం ఏడాది వసూళ్లు కూడా 20 లక్షలు దాటితే ఈ జీఎస్టీ పడుతుంది. మీ టవర్‌లోనే 1,600 అడుగుల ఫ్లాట్‌వాళ్లు అదే రేటున 7,200 కట్టి ఊరుకుంటారు, వాళ్లకు జీఎస్టీ లేదు. ఇద్దరే ఉంటున్న ఇంటికి మీరు మూడు బెడ్‌రూముల లెక్కన లిఫ్టులకూ జనరేటర్‌కూ సెక్యూరిటీకీ స్విమ్మింగ్ పూల్‌కూ కడుతున్నారు. ఒళ్లు మండటం సహజమే.

కానీ ఆ కోపంతో అమ్మకండి. ఇల్లు మారితే మెయింటెనెన్స్‌లో మిగిలేది నెలకు 8,600, అంటే ఏడాదికి లక్ష చిల్లర. మారడానికి అయ్యే ఖర్చు చూడండి. అమ్మేటప్పుడు బ్రోకర్‌కు ఒక శాతం అనుకుంటే లక్షా 90 వేలు, కొనేటప్పుడు మరో 95 వేలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, 95 లక్షల మీద 7 లక్షల 12 వేలు. పాత ఫ్లాట్ అన్నాక బాత్‌రూములు, వైరింగు, పైపులు, రంగులు తప్పవు. మళ్లీ వంటింట్లో మీ ఆవిడకు నచ్చినట్టు అరలు. ఎనిమిది లక్షలకు తగ్గదు. సామాను తరలింపు ఓ 60 వేలు. మొత్తం పద్దెనిమిదిన్నర లక్షలు. మెయింటెనెన్స్ ఆదాతో ఇది తీరాలంటే పద్దెనిమిదేళ్లు పడుతుంది. మణికొండలో గోడలకు బిగించిన వార్డ్‌రోబులు, మాడ్యులర్ కిచెన్ డబ్బు ఇందులో వేయలేదు. కొనేవాళ్లు వాటిని చూసి మెచ్చుకుంటారు గానీ విడిగా రేటు కట్టరు.

మీ ఫ్లాట్ అమ్మడానికి అసలు కారణం వేరే ఉంది. జీవితకాలం కూడబెట్టిన సొమ్మంతా 19వ అంతస్తులో గోడల రూపంలో ఇరుక్కుపోయింది. ఖర్చులన్నీ పోను మీ చేతికి 76 లక్షలు మిగులుతాయి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో మీ పేరున 30 లక్షలు, మీ ఆవిడ పేరున 30 లక్షలు వేస్తే 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి లక్షా 23 వేలు వస్తాయి, అంటే నెలకు 41,000. డబ్బు మీరిచ్చిందే కాబట్టి ఆవిడ ఖాతా మీద వచ్చే వడ్డీ కూడా మీ ఆదాయంలోనే కలుస్తుంది. ఇంకో 16 లక్షలు ఆసుపత్రి అవసరాలకని బ్యాంకులో ఉంచుకోండి, దాన్ని ఎవరెంత ఊరించినా కదపకండి.

ఇక పక్క ఫ్లాట్ ఆయన చెప్పిన 13 లక్షలు. ఆయన లెక్క తప్పు కాదు, సగంలో ఆపేశారంతే. అమ్మిన ధరలో బ్రోకర్ ఖర్చు, కొన్న ధర తీసేస్తే లాభం కోటీ 6 లక్షలు. దాని మీద పన్నెండున్నర శాతం అంటే ఆయనన్న మొత్తమే వస్తుంది. అయితే ఒక ఇల్లు అమ్మిన లాభంతో ఇంకో ఇల్లు కొంటే, ఆ కొన్న మేరకు పన్ను ఉండదు. మనం సెక్షన్ 54 అని పిలుచుకునేది ఇదే. రిజిస్ట్రేషన్, బ్రోకర్ ఖర్చులతో కలిపి మీ కొత్త ఇంటి ఖరీదు కోటీ 3 లక్షలవుతుంది. పన్ను పడాల్సిన లాభం మిగిలేది మూడు లక్షలే. పైగా మీరు 2024 జులై 23కు ముందు కొన్నారు కాబట్టి పాత పద్ధతిలో, అంటే ధరల సూచీ (ధరలు పెరిగిన మేరకు మీ కొన్న ధరను పెంచి లెక్కకట్టే అంకె) కలిపి 20 శాతం లెక్కతో పోల్చుకునే వీలుంది. 2016-17 సూచీ 264, 2025-26 సూచీ 376. ఆ ప్రకారం మీ 82 లక్షలు దాదాపు కోటీ 17 లక్షలవుతాయి, లాభం 71 లక్షలకు దిగుతుంది, కొత్త ఇంటి ఖరీదు దాన్ని మించిపోతుంది. ఎటు చూసినా పన్ను దాదాపు సున్నా. అమ్మిన ఏడాది రిటర్ను మాత్రం సొంతంగా వేయకండి, సీఏకు ఇచ్చే నాలుగు డబ్బులకు వెనకాడకండి.

గడువులు గుర్తుంచుకోండి. అమ్మడానికి ఏడాది ముందు నుంచి, అమ్మిన రెండేళ్లలోపు కొత్తది కొనాలి. రిటర్ను గడువు నాటికి ఇంకా కొనకపోతే ఆ డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు ఎఫ్‌డీలో కాదు. అబ్బాయి పేరు మీద కొనాలన్న ఆలోచన మానుకోండి. లాభం మీది, ఇల్లు అతనిది అయితే మినహాయింపు దగ్గర పేచీ వస్తుంది. మీ పేరు మీద కొని అబ్బాయికి వీలునామా రాయండి, సరిపోతుంది.

ఇంత చెప్పాక కూడా, వెంటనే అమ్మమని అనను. మీ ఫ్లాట్ 46,000కు అద్దెకిచ్చి, నల్లకుంటలో 24,000కు ఓ ఫ్లాట్ తీసుకుని పదకొండు నెలలు ఉండి చూడండి. మన దగ్గర మెయింటెనెన్స్ సాధారణంగా అద్దెకున్నవాళ్లే కడతారు కాబట్టి అద్దెల తేడా 22,000, మెయింటెనెన్స్‌లో తేడా 8,600, మొత్తం నెలకు 30,600 మీకు మిగులుతుంది. అద్దె ఆదాయంలో 30 శాతం తీసేశాక, పింఛనుతో కలిపినా కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపే ఉంటారు, పన్ను పడదు. బ్యాంకు వడ్డీ భారీగా ఉంటే తప్ప. అద్దెకిచ్చినంత మాత్రాన రేపు అమ్మినప్పుడు ఆ సెక్షన్ 54 మినహాయింపు ఎక్కడికీ పోదు.

ముందు అద్దెకుండి చూడమనేది ఎందుకంటే, మీకు గుర్తున్న నల్లకుంట 2016 నాటిది, అదీ సొంత ఇంట్లో, కింది అంతస్తులో ఉన్నప్పటిది. శంకర మఠం, కూరగాయల మార్కెట్ నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి, నిజమే. కానీ కరెంటు పోతే లిఫ్టు ఆగిపోయే పాత బిల్డింగులు అక్కడ తక్కువేం కాదు. కారు బయటికి తీయాలంటే వెనక ఇద్దరిని లేపి వాళ్ల బళ్లు తీయించాలి. ఎండాకాలంలో ట్యాంకర్ డబ్బుల కోసం వాట్సాప్ గ్రూపులో రోజూ గొడవ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇవి చిన్న విషయాలు కావు, అవి 95 లక్షలు పెట్టాక తెలియడం కంటే 24,000 అద్దెలో తెలియడం మేలు. ఆషాఢంలో వెతికితే అద్దె బేరం కూడా కుదురుతుంది, పాలు పొంగించడం శ్రావణంలో పెట్టుకోవచ్చు.

ఉండి చూశాక నచ్చితే అప్పుడు అమ్మండి, ధర ఇంకా పెరుగుతుందని కూర్చోకండి. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ వైపు కొత్త టవర్లు లేస్తూనే ఉన్నాయి, మీ పాత టవర్‌కు పోటీ అవే.

కొనేటప్పుడు సేల్ డీడ్‌లో యూడీఎస్, అంటే స్థలంలో మీ వంతు ఎన్ని గజాలో చదవండి. ఆరువందల గజాల్లో పదిహేను ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి నలభై గజాలు. పాత బిల్డింగ్ పడగొట్టాల్సిన రోజొస్తే మిగిలేది ఆ గజాలే. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), మంజూరైన ప్లాన్ లాయర్‌కు చూపించండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్ (వాళ్ల తరఫున ముందే మినహాయించే ఆదాయపు పన్ను) మీరే పట్టి కట్టాలి. ఆ పాత ఫ్లాట్ ఓనరు విదేశాల్లో ఉంటే ఒక శాతం సరిపోదు, రేటూ పద్ధతీ వేరు. ఇది తెలియక కొన్నవాళ్లకు తర్వాత నోటీసులొస్తాయి. మీ ఫ్లాట్ కొనేవాళ్లు కూడా మీకిచ్చే డబ్బులో లక్షా 90 వేలు పట్టుకుంటారు, ఆ టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకుని రిటర్నులో వాపసు కోరండి.

మణికొండ వదిలేటప్పుడు సంఘం నుంచి బకాయిలు లేవన్న కాగితం తీసుకోవాలి. సర్వీస్ లిఫ్టు ముందే బుక్ చేసుకోండి, చాలా కమ్యూనిటీల్లో ఆదివారాలు సామాను దించనివ్వరు. పాత అపార్ట్‌మెంట్ లిఫ్టులో మీ పెద్ద బీరువా పట్టదేమో టేపు పెట్టి ముందే కొలవండి, మెట్ల మీద మోయాలంటే ప్యాకర్లు అంతస్తుకు ఇంతని విడిగా అడుగుతారు. కార్పస్ ఫండ్, అంటే సంఘం నిధికి ఒకేసారి కట్టిన డబ్బు మాత్రం మీకు తిరిగి రాదు, అది సంఘానిది. మీరు అప్పట్లో కట్టిన రసీదు దగ్గరుంటే, కొనేవారితో ధర మాట్లాడేటప్పుడే ఆ మొత్తం కూడా కలిపి అడగండి.